అందరికంటే చిన్న చెయ్యి

ఆగండాగండి, ఎక్కడికా పరుగు? ఫోన్ బోర్లా పెట్టి కాసేపు కూర్చోండి, ఇది వినకుండా వెళ్తే ఒప్పుకోను. జెండా పండగ రోజు మైదానం చివర నిలబడి, ఉపన్యాసాలు ఎప్పుడైపోతాయా, ఇంటికెళ్లి ఎప్పుడు పడుకుందామా అని చూసే రకమా మీరు? అయితే మీరు మరీ వినాలి. మొన్న మా కాలనీలో ఎగిరిన జెండా కుట్టిన మనిషి గురించి చెప్తున్నా. జెండా సంగతి అలా ఉంచండి, అసలు ఆమె కూతురి గురించి.

కుట్టు షెడ్డులో ఆమెని సూది అంటారు. మనిషి సన్నం, మాట గుచ్చుతుంది, అందుకని. ఆమెకి ఆ పేరంటే కోపమేం లేదు, "సూది లేకపోతే మీరంతా విడి ముక్కలే" అంటుంది. జెండా పండగ దగ్గర పడిందంటే ఆ షెడ్డులో ఊపిరి పీల్చాలన్నా షెడ్డు నడిపే మాస్టారి అనుమతి కావాలి. బడిపిల్లల బ్యాండు చొక్కాలు ఒక పక్క గుట్ట, చేతి జెండాలు ఇంకో పక్క గుట్ట, మైదానంలో ఎగరేసే పెద్ద జెండా మాత్రం సూది మిషన్ మీద. గుడ్డ అంచు రెండు మడతలు మడిచి, గోటితో గీరి, మిషన్ పాదం కిందకి తోసి ఒక్క ఊపులో లాగేస్తుంది. తాడు దూరే వైపు లోపల గట్టి పట్టీ వెయ్యాలి, లేకపోతే గాలికి ముందు అక్కడే చిరుగుతుంది. అక్కడికొచ్చేసరికి మోటారు మీంచి కాలు తీసేసి, చేత్తో చక్రం తిప్పుకుంటూ, ఒక్కో కుట్టూ చూసుకుంటూ పోతుంది.

పండగ ఇంకో మూడు రోజులుందనగా ఆ పట్టీ కుడుతూ ఆమె గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. పక్క మిషన్ మీద కాజాల పిన్ని చూసింది. రోజంతా కాజాలు కుట్టి కుట్టి ఆవిడకి ఆ పేరు స్థిరపడిపోయింది.

"ఏమే, నొప్పా?"

"నొప్పి ఉంటే బాగుండేది పిన్నీ. నొప్పి లేదు, అదే భయం."

పనికి తిరిగొచ్చిన కొత్తలో మధ్యాహ్నం అయ్యేసరికి పాలు పొంగి జాకెట్టు తడిసిపోయేది. బాత్రూంలోకి పరిగెత్తి, సింకులో పిండేసి, నీళ్లు కొట్టి, కళ్లు తుడుచుకుని వచ్చేది. ఇప్పుడు పరిగెత్తక్కర్లేదు. పాపకి నాలుగో నెల. ఈమె ఇల్లు చేరేసరికి అది సీసా తాగి నిద్రపోతుంది, ఈమె బయల్దేరేటప్పుడు ఇంకా లేవదు.

"తాగే నోరు ఎదురుగా లేకపోతే పాలు అలుగుతాయే," అంది పిన్ని. "తెచ్చుకుని బల్ల కింద పడుకోబెట్టుకో."

"తెచ్చానుగా ఓ రోజు! మాస్టారేమన్నారు? ఇక్కడ బట్టల నూగు ఎగురుతుంది, పసిపిల్లకి మంచిది కాదన్నారు. మరి నాకు మంచిదేనా అంటే నవ్వారు."

"నవ్వక ఏడుస్తాడా, నీ నోటికి భయపడి."

"పండగ రోజొక్కటే సెలవు పిన్నీ. ఆ రోజు దాన్ని చంక దించను. పొద్దున్నుంచి పడుకునేదాకా నా దగ్గరే. అడిగినా అడగకపోయినా పట్టిస్తూనే ఉంటా. అలా పట్టిస్తే మళ్లీ వస్తాయంది ఆసుపత్రి నర్సమ్మ. ఆ ఒక్క రోజూ దొరికితే చాలు."

ఈ మాట నోట్లో ఉండగానే బ్యాడ్జీ సార్ వచ్చాడు. కాలనీ కమిటీ కార్యదర్శి. పండగ ఉన్నా లేకపోయినా జేబుకి బ్యాడ్జీ తగిలించుకునే తిరుగుతాడు, స్నానానికి కూడా తియ్యడని పిన్ని అంటుంది. నేరుగా సూది దగ్గరకొచ్చి, "అదృష్టమంటే నీదమ్మా!" అన్నాడు.

విషయం ఏంటంటే, మా కాలనీ కమిటీకి ఒక పద్ధతుంది. జెండా పైకి లాగే ముందు, కాలనీలో అందరికంటే చిన్న బిడ్డని తెచ్చి, ఆ చెయ్యి తాడుకి తాకిస్తారు. తాకాకే జెండా లేస్తుంది. ఈ ఏడాది ఆ చెయ్యి ఎవరిదో ఆర్నెల్ల ముందే అందరికీ తెలుసు, ఛైర్మన్ గారి మనవడో మనవరాలో. ఆయనే పెద్దకోడలు కడుపుతో ఉండగానే ఇంటింటికీ చెప్పుకున్నాడు. పోయిన నెల ఆ పెద్దకోడలు ఆసుపత్రి నుంచి వట్టి చేతులతో ఇంటికొచ్చింది. అందరూ అయ్యో పాపం అనుకున్నారు, ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. అంతే. ఇప్పుడు అందరికంటే చిన్నది సూది కూతురు.

"నిజంగానా సార్?" అంది సూది. ఎప్పుడూ గుచ్చే మనిషి ఒక్కసారి చిన్నపిల్లలా అయిపోయింది. "స్టేజీ మీదకేనా? అందరి ముందా?"

"స్టేజీ మీదకే! ఫోటోలు, మైకులో పేరు, అన్నీ!"

ఆయన వెళ్లాక ఆమె తాడు పట్టీ విప్పేసి మళ్లీ కుట్టింది. మొదటిది బాగానే ఉంది. అయినా విప్పి కుట్టింది.

ఆ సాయంత్రం ఇంటికి ఎగురుకుంటూ వెళ్లింది. పాప మేలుకునే ఉంది, అత్తగారి ఒళ్లో సీసా తాగుతోంది. మొగుడు నేల మీద కూర్చుని వైర్లు చుడుతున్నాడు. అతనిది మైకుసెట్టు పని. ఎక్కడ మైకు పెట్టినా ముందు హలో, హలో అంటాడు కాబట్టి అందరికీ అతను హలో. ఇంట్లో మాత్రం నోరు విప్పితే ముత్యాలు రాలతాయన్నట్టు ఉంటాడు.

సంగతి వినగానే అత్తగారు ఆవలింత మధ్యలో ఆపేసింది. "మన బుడ్డదా? తాడా? ఛైర్మన్ పక్కనా?"

"అవునత్తయ్యా, మన బుడ్డదే! ఇటివ్వండి దాన్ని."

సూది చేతులు కడుక్కుని, గోడకి ఆనుకుని కూర్చుని, పాపని గుండెకి అదుముకుంది. పాప నోరు పెట్టింది. రెండు గుక్కలు లాగింది. ఆగింది. మళ్లీ లాగింది. తర్వాత ముఖం అటు తిప్పేసి, అత్తగారి చేతిలో సీసా వైపు చెయ్యి చాపి గుక్క పెట్టి ఏడ్చింది.

"అలవాటు పడిందిలే," అంది అత్తగారు, చిన్నగా. ఆవిడ మంచి మనిషే. అందుకే ఆ మాట ఇంకా ఎక్కువ తగిలింది.

"పండగ రోజు చూస్తా దీని సంగతి," అంది సూది నవ్వుతూనే, పాపని ఇచ్చేస్తూ. "రోజంతా నాతో కుస్తీ పట్టాలి మరి."

హలో వైరు చుట్టడం ఆపి ఆమె వైపు చూశాడు. మళ్లీ చుట్టుకున్నాడు.

*

పండగ ముందురోజు సాయంత్రం బ్యాడ్జీ సార్ ఒక అట్టపెట్టెతో ఇంటికొచ్చాడు. పెట్టెలో పాపకి కొత్త గౌను. తెల్లటిది, మెడ చుట్టూ గరుకు లేసు. సూది లేసుని బొటనవేలితో రుద్ది చూసింది. "ఇది మెడకి కోసుకుంటుంది సార్. నేనే ఒకటి కుట్టాను, మెత్తటిది."

"లేదమ్మా, ఇది ఛైర్మన్ గారి ఇంట్లోంచి వచ్చింది. ఇదే వెయ్యాలి." ఆయన బ్యాడ్జీ సర్దుకున్నాడు. "ఇంకో మాట. స్టేజీ మీద పాపని పెద్దకోడలు గారు ఎత్తుకుంటారు."

సూది గౌనుని తిరిగి పెట్టెలో పెట్టేసింది.

"ఎందుకు?" అంది సూది.

"ఎందుకంటే... కార్యక్రమం ఎప్పుడో అలా అనుకున్నాం కదా. ఛైర్మన్ గారు, పక్కన కోడలు గారు, చేతిలో బిడ్డ. వాళ్ల అత్తగారు కూడా అన్నారు, మా కోడలు గదిలోంచి బయటకి రావట్లేదు, ఓ బిడ్డని చేతిలో పెడితే మనసు మారుతుంది అని. నువ్వెక్కడికి పోతావ్, కింద ముందు వరసలోనే ఉంటావ్."

"పిల్లలు కూడా షామియానా కుర్చీల్లా అద్దెకి దొరుకుతారనుకున్నారా సార్?"

"చూడమ్మా, అలా మాట్లాడితే..."

"ఆవిడ బిడ్డ పోతే నా బిడ్డని తీసుకుంటారా?"

ఆ మాట అన్నాక ఆమెకే ఎలాగో అయింది. కానీ అన్నది అన్నదే. అత్తగారు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. బ్యాడ్జీ సార్ హలో వైపు చూశాడు. పండగ మైకుసెట్టు కమిటీ ఇచ్చిన పనే, చొక్కాలూ జెండాలూ కూడా కమిటీ మాస్టారికి ఇచ్చిన పనే. ఆ సంగతి ఆయన నోటితో చెప్పలేదు, చూశాడంతే. హలో తల దించుకుని, "కాసేపేగా," అన్నాడు భార్యతో. "తాడు ముట్టించగానే తెచ్చేసుకుందాం."

మింగలేక, కక్కలేక సూది గౌను తీసుకుంది.

గుమ్మం దాకా వెళ్లి బ్యాడ్జీ సార్ వెనక్కి తిరిగాడు. "ఆ, పొద్దున పాపకి పాలు గీలు పట్టకండి. పోయినేడాది తాడు ముట్టించిన బాబు ఛైర్మన్ గారి కోటు మీద కక్కేశాడు. కడుపు ఖాళీగా ఉంటే ఏ గొడవా ఉండదు."

ఆయన అటు వెళ్లగానే సూది, "ఖాళీగా ఉంటే గొడవుండదంట, ఈయన ఎప్పుడైనా ఖాళీ కడుపుతో ఉన్నాడా?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఒక్కటి తేలకుండా మిగిలిపోయింది, పాలు పట్టాలా వద్దా అన్నది. పట్టాలనే సూది ఉద్దేశం. అది చెప్పక్కర్లేదనుకుంది. పొద్దున తనే ఉంటుందిగా, తనే పట్టుకుంటుందిగా.

పొద్దున ఇంకా ముఖం కూడా కడుక్కోలేదు, మాస్టారి కబురు. బ్యాండు పిల్లల చొక్కాలకి గుండీలు ఊడుతున్నాయట, మైదానానికి సూది దారం పట్టుకుని వెంటనే రావాలట. "సెలవు కదా," అంది సూది. కబురు తెచ్చిన మనిషి, "ఆ మాట మాస్టారితోనే చెప్పుకో" అన్నాడు. పాప గాఢ నిద్రలో ఉంది, రెండు పిడికిళ్లూ తల పక్కన పెట్టుకుని. లేపబుద్ధి కాలేదు. "అరగంటలో వచ్చేస్తా అత్తయ్యా, వచ్చి పట్టిస్తా," అనేసి పరిగెత్తింది.

ఒక గుండీ కుడితే ఇంకోటి ఊడింది. పిల్లలు వరసగా వచ్చి ఆమె ముందు ఛాతీ ముందుకు పెట్టి నిలబడ్డారు. డోలు వాయించేవాడొకడు కుదురుగా నిలబడడు, దారం పంటితో తెంపబోతే కితకితలంటాడు. ఎండ ఎక్కింది. ఆమె తల ఎత్తేసరికి మైదానం నిండిపోయింది, అత్తగారు గేటు దగ్గర ఉంది. పాప ఒంటి మీద తెల్ల గౌను, మెడ చుట్టూ అప్పుడే ఎర్రటి గీత.

"పట్టారా అత్తయ్యా? పాలు పట్టారా?"

"సార్ వద్దన్నారుగా! లేచిన దగ్గర్నించి అడుగుతూనే ఉంది, నీళ్లతో నోరు తడిపి ఆపాను."

అత్తగారి ముఖంలో ఎంత గర్వమో, ఎంత కష్టపడి చెప్పిన మాట నిలబెట్టుకుందో! సూది చెయ్యి చాపింది. అప్పటికే బ్యాడ్జీ సార్ మధ్యలో దూరి పాపని ఎత్తేసుకున్నాడు. "టైమైపోయింది, టైమైపోయింది!"

"ఒక్క నిమిషం సార్, ఆకలి మీదుంది..."

"వచ్చాక పట్టుకుందువు గానీ!"

స్టేజీ మీద పెద్దకోడలు నిలబడి ఉంది. పట్టుబట్టలు, పైన శాలువా. ముఖంలో రక్తం చుక్క లేదు. బ్యాడ్జీ సార్ పాపని అందిస్తే ఆమె చేతులు ముందుకు రాలేదు. పక్కనున్న ఆమె అత్తగారు మోచేత్తో చిన్నగా పొడిచింది. అప్పుడు చేతులు చాపింది. ఎలా పట్టుకుందంటే, కొత్తవాళ్లు ఎత్తుకున్నట్టు కాదు. మెడ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి, సరిగ్గా ఉయ్యాల కట్టినట్టు. ఎవరి కోసమో నేర్చుకుని పెట్టుకున్నట్టు.

కింద ముందు వరసలో సూది కళ్లన్నీ ఆ చేతుల మీదే. తన పాప పిడికిలి విప్పి తాడుకి తాకించారు. చప్పట్లు. జెండా పైకి లేచింది, తాడు పట్టీ గాలికి ఫట్‌మని బిగుసుకుంది, నిలబడింది. కాజాల పిన్ని ఆమె భుజం తట్టి, "నీ కుట్టేనే!" అంది. సూది పైకి చూడలేదు.

పాప ఏడుపు మొదలెట్టింది. మామూలుగా కాదు. పక్కనే ఛైర్మన్ మైకు, ఆ ఏడుపంతా మైకులోకి వెళ్లి మైదానం నాలుగు మూలలా ఉన్న స్పీకరు పెట్టెల్లోంచి బయటకొచ్చింది. చెట్ల మీద కాకులు లేచిపోయాయి. జనం నవ్వారు. ఛైర్మన్ కూడా నవ్వి, "రేపటి నాయకురాలు ఇప్పుడే ఉపన్యాసం మొదలెట్టింది," అన్నాడు, ఇంకా నవ్వారు. ఏడుపు ఆగలేదు. ఆయన నవ్వు తగ్గింది. పక్కకి, స్టేజీ చివర మైకుసెట్టు దగ్గర కూర్చున్న మనిషి వైపు ఒక్క చూపు చూశాడు.

హలో చెయ్యి మీట మీదకి వెళ్లింది. సూది చూస్తూనే ఉంది. అతను తల ఎత్తి జనంలో ఆమె కోసం వెతికాడు, దొరికింది, చూపు దించేసుకున్నాడు. మీట తిప్పాడు. పెట్టెల్లో వాళ్ల పాప ఏడుపు తగ్గింది, తగ్గింది, పోయింది. స్టేజీ మీద మాత్రం నోరు తెరిచే ఉంది. పెద్దకోడలు పాపని తీసుకుని స్టేజీ వెనక గదిలోకి వెళ్లిపోయింది.

సూది లేచింది. జనం ముందుకి రాకుండా తాడు కట్టిన చోట వలంటీరు ఆపాడు. "నేను తల్లినయ్యా!" "ఉపన్యాసం అయ్యేదాకా ఎవర్నీ వదలొద్దన్నారక్కా." ఆమె చుట్టూ తిరిగి షామియానా గుంజల వెనక నుంచి వెళ్లింది. గది గోడ దగ్గరకొచ్చేసరికి కిటికీలోంచి ఏడుపు వినిపిస్తోంది, గొంతు బొంగురుపోయి. ఉన్నట్టుండి ఆగిపోయింది.

అలా ఆగితే ఏ తల్లికైనా ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆమె తలుపు భుజంతో తోసింది.

కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన గది. చుట్టి పెట్టిన తివాచీ మీద పెద్దకోడలు కూర్చుని ఉంది. శాలువా కింద పడింది. పక్కనే విప్పేసిన పొడుగాటి నూలు గుడ్డ, ఛాతీకి గట్టిగా బిగించి కట్టిందే, మడతల ముద్రలింకా దాని మీద ఉన్నాయి, మధ్యలో తడి. పాప ఆమె రొమ్ము పట్టుకుని తాగుతోంది. గుటక్, గుటక్. ఆ చప్పుడు సూది విని ఎన్నాళ్లయిందో.

"తలుపు," అంది పెద్దకోడలు. "తలుపు వెయ్యి, నీకు దణ్ణం పెడతాను."

సూది వేసింది. ఎందుకు వేసిందో తెలీదు.

"ఊరుకోబెడదామని భుజం మీద వేసుకున్నాను. అదే వెతుక్కుంది. నేనివ్వలేదు, అదే..." ఆమె ఆ తడి గుడ్డ వైపు చూసింది. "మాత్రలిచ్చారు. అత్తయ్య కట్టు కట్టారు. ఆగట్లేదు. బిడ్డ లేదని నాకు చెప్పారు గానీ, వీటికి ఎవరు చెప్తారు?"

సూది దగ్గర బోలెడు మాటలున్నాయి. దారంతా పోగేసుకుని వచ్చింది. నా బిడ్డ, నీకెంత ధైర్యం, ఇటివ్వు. చేతులు చాపింది కూడా. పాప ఆమె అలికిడికి నోరు వదిలి తల తిప్పింది. తల్లిని చూసింది. పాలు కారుతున్న నోటితో నవ్వింది. నవ్వి, మళ్లీ అటు తిరిగి పట్టుకుంది.

సూది ఎదురుగా నేల మీద కూలబడింది. తన జాకెట్టు తడుముకుంది. పొడిగా ఉంది.

బయట తలుపు కొట్టారు. బ్యాడ్జీ సార్ గొంతు. "అమ్మా, పెద్దకోడలు గారూ, ఫోటోకి రావాలి! లోపలేం చేస్తున్నారు? మీ అత్తగారు వస్తున్నారు!"

పెద్దకోడలు గబుక్కున పాపని లాగబోయింది, పాప వదల్లేదు.

"పాప పాలు తాగుతోంది సార్!" అని అరిచింది సూది. "కాస్త ఆగండి!"

"ఎవరూ, నువ్వా? ఎప్పుడొచ్చావ్? సర్లే, సర్లే. తల్లివి, నువ్వే పట్టు. తొందరగా కానియ్."

అడుగులు దూరమయ్యాయి. గదిలో మళ్లీ గుటకల చప్పుడొకటే. పాప కళ్లు మూతలు పడుతున్నాయి, పిడికిలి మెల్లగా విచ్చుకుంటోంది. సూది వంగి, పాప మెడ మీద కోసుకుంటున్న లేసుని గోటితో పట్టుకుని పక్కకి తప్పించింది. ఇద్దరి తలలూ దగ్గరకొచ్చాయి.

"రేపట్నించి నీకు మళ్లీ షెడ్డుందిగా," అంది పెద్దకోడలు. గొంతు వినీ వినపడనట్టు. "మా వెనక గేటు తీసి ఉంచుతాను. వెళ్తూ వెళ్తూ పాపని ఇచ్చేసి వెళ్లు. వస్తూ తీసుకెళ్లిపో. ఎవరికీ తెలీనివ్వను. అమ్మా అని నిన్నే పిలుస్తుంది. నేను పిలిపించుకోను, ఒట్టు."

సూది తన పాప ముఖం చూస్తోంది. అంత నిండుగా, అంత నెమ్మదిగా అది నిద్రపోవడం ఆమె చూసి చాలా రోజులైంది. ఆ నిద్ర తన ఒళ్లో కాదు. రేపు ఒప్పుకుంటే ఎల్లుండి, ఆ తర్వాత రోజూ, అది వెతుక్కునే వాసన ఈవిడదే అవుతుంది. ఒప్పుకోకపోతే మళ్లీ సీసా, ఈవిడకి మళ్లీ ఆ గుడ్డ.

బయట బ్యాండు మొదలైంది. పెద్దకోడలు ఆమె ముఖంలోకే చూస్తోంది.

చెప్పండి, ఆ నేల మీద మీరు కూర్చుని ఉంటే ఏమనేవారు?